లోపలి పని బయటి నుంచే మొదలవుతుంది

ప్రశ్న: మా మేనమామ వాడి వదిలేసిన పాత కారవాన్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, ఒకటి నా చేతికొచ్చింది. కారు వెనక తగిలించి లాక్కెళ్లే రకం. పద్నాలుగు అడుగుల పొడవు, 1960ల నాటిది. ఇరవై ఏళ్లుగా రేకుల షెడ్డులో పడి ఉంది. బయట అల్యూమినియం రేకు బాగానే ఉంది. లోపల గోడలకున్న ప్లైవుడ్ తేనె రంగులో ఎంతో బాగుంటుంది గానీ, కిటికీల కింద నల్ల మరకలున్నాయి. ముందువైపు ఒక మూల పొరలు లేచిపోయాయి. సీట్ల స్పాంజి ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. సెలవు రోజుల్లో సరదాగా బాగుచేసుకుందామని తెల్ల రంగు, సీట్లకు కొత్త గుడ్డ కొనేశాను. మావారేమో "లోపలున్నదంతా పీకేసి కొత్తగా చేయిద్దాం" అంటున్నారు. నాకు ఆ పాతదనం పోగొట్టుకోవాలని లేదు. వడ్రంగం పెద్దగా రాదు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? ఇంకో సంగతి, గోడకు రెండు గ్యాస్ దీపాలున్నాయి. వాటిని వెలిగించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: రంగు డబ్బా మూత ఇంకా తీయలేదు కదా? తీయకపోతే మంచిదే, దాన్ని అలాగే పక్కన పెట్టండి. గుడ్డ కూడా మడత విప్పకుండా పొడిగా ఉన్నచోట దాచండి. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. కారవాన్ విషయంలో అలకడమే ముందు చేస్తే పండగ అసలు రాదు. తొందరపడి రంగేసిన వాళ్లకు రెండో వానాకాలానికి ఆ రంగు కిందనుంచే అవే నల్ల మరకలు పైకి తేలి కనిపిస్తాయి.

మీ ఉత్తరంలో రెండు ముక్కలు నన్ను ఆపేశాయి. ఒకటి ఆ మూల పొరలు లేచిన ప్లైవుడ్. రెండోది ఇరవై ఏళ్లు షెడ్డులో ఉందన్న మాట.

ముందు ఆ గోడలో ఏముందో తెలుసుకోండి. ఆ కాలంలో ఎక్కువ కారవాన్లను ఒకే పద్ధతిలో కట్టేవారు. బయట పల్చటి అల్యూమినియం రేకు, మధ్యలో సన్నటి చెక్క పట్టీల చట్రం, ఆ పట్టీల మధ్య వేడీ చలీ ఆపే గ్లాస్ ఊలు, లోపల 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్. (రివెట్లు కొట్టి లోపలా బయటా లోహంతో చేసిన, ఎయిర్‌స్ట్రీమ్ అనే అమెరికన్ కంపెనీ బళ్ల లాంటివి వేరే జాతి. ఆ తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన, పొరలన్నీ గమ్ముతో అతికించేసిన గోడలది మరో కథ. మీరు చెప్పిన వయసును బట్టి, వర్ణనను బట్టి మీది చెక్క చట్రమే.) నీళ్లు రేకు మధ్యలోంచి రావు, అతుకుల దగ్గర వస్తాయి. మూలల మీద స్క్రూలతో బిగించిన అల్యూమినియం పట్టీలు, కిటికీల అంచులు, కప్పు మీది గాలి కిటికీ, బయటి లైట్ల వెనక వైరు కన్నాలు, ఇవీ దొంగదారులు. ఆ పట్టీల కింద కంపెనీవాళ్లు సీలెంట్, అంటే నీళ్లు దూరకుండా సందులు మూసే మెత్తటి ముద్ద, పెట్టి బిగించారు. ఇన్నేళ్లకు అది బీటలు వారిన మట్టిలా ఎండిపోయి ఉంటుంది. అక్కడ దూరిన చుక్క చట్రం పట్టీ వెంట జారి జారి, రెండడుగుల అవతల కిటికీ కింద ప్లైవుడ్ మీద మరకగా తేలుతుంది. మరక ఒకచోట, కన్నం ఇంకోచోట. మరక ఉన్నచోటే సీలెంట్ పూసి లీకు ఆగిందనుకోవడం అందరూ చేసే మొదటి తప్పు. నేనూ చేశాను.

ఇక షెడ్డు సంగతి. చెమ్మ కొలిచే మీటరు దొరుకుతుంది. రెండు సూదులుంటాయి, చెక్కకు గుచ్చితే శాతం చూపిస్తుంది. 15 లోపు ఉంటే పొడిగా ఉన్నట్టు, 15 నుంచి 20 అయితే ఓ కన్నేసి ఉంచాలి, 20 దాటితే చెక్కను పుచ్చబెట్టే బూజుకు అనుకూలం. 30 దాటితే లోపల చట్రం మీద ఆశ పెట్టుకోకండి. ఇది మామూలు లెక్క. మీ కారవాన్‌లో ఆ మీటరు గుచ్చి చూస్తే మాత్రం అంతటా పన్నెండో పదమూడో చూపిస్తుంది, మీరు సంతోషపడిపోతారు. ఇరవై ఏళ్లు వాన తగలని చెక్క పొడిగా ఉండక ఏంచేస్తుంది? పుచ్చిన చెక్క కూడా ఆరాక పొడిగానే ఉంటుంది. కన్నాలు మాత్రం అలాగే ఉన్నాయి, షెడ్డులోంచి బయటికి తెచ్చిన మొదటి వానకు మళ్లీ కారతాయి. కాబట్టి మీ బండికి మీటరు కన్నా బొటనవేలు మేలు.

ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో సన్నటి స్క్రూడ్రైవర్ పట్టుకుని లోపల కూర్చోండి. కిటికీ కింద అంచు నుంచి మొదలుపెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కుతూ పొండి. మంచి చెక్క వెనకుంటే వేలు ఆగిపోతుంది. లేనిచోట ప్లైవుడ్ లోపలికి వెళ్లి మళ్లీ పైకొస్తుంది, డొల్లగా శబ్దం చేస్తుంది. అనుమానం వచ్చినచోట, బీడింగ్ (అంచుల మీద కొట్టే సన్న చెక్క పట్టీ) చాటున కనపడని మూలన స్క్రూడ్రైవర్ మొన ఆనించి తోయండి. మంచి చెక్కలో మొన దిగబడదు, దిగినా పట్టుకుంటుంది. పుచ్చిన చెక్కలో వెన్నలోకి దిగినట్టు దిగి, బయటికి తీస్తే మొనకు ముదురు గోధుమరంగు పొడి అంటుకుని వస్తుంది. అలాంటి ప్రతిచోటా మాస్కింగ్ టేపు ముక్క అంటించండి. గంటయ్యాక ఆ టేపులన్నీ కలిపి చూస్తే నీళ్ల దారి పటం గీసినట్టు కనిపిస్తుంది. సీట్ల కింది పెట్టెలు, బీరువా అడుగు, చక్రాల పైభాగం మర్చిపోవద్దు. నేల అంచుల్ని బండి కిందికి దూరి కూడా గుచ్చి చూడండి.

ఆ తర్వాత బయటికి లాగి నీళ్ల పరీక్ష. మీవారికి గొట్టం ఇచ్చి బయట నిలబెట్టండి, మీరు లోపల ఉండండి. మోటారు పెట్టి జోరుగా కొట్టడం కాదు, మామూలు వానలా పడాలి. ముందు కింది అతుకు దగ్గర పది నిమిషాలు, ఆపైన కిటికీ అంచు, చివరికి కప్పు. ఎప్పుడూ కిందనుంచి పైకే. కప్పు మీద మొదలుపెడితే నీళ్లన్నీ కిందికి కారి ప్రతి అతుకునూ తడిపేస్తాయి, లోపల చుక్క కనిపించినా అది ఎక్కడ దూరిందో తేలదు. ఒక్కో చోటికీ పది నిమిషాలంటే విసుగే. కానీ ఈ ఒక్క పూట విసుగు మీకు ఒక ఏడాది పని మిగులుస్తుంది.

ఇప్పుడు మీవారి మాట దగ్గరికి వస్తాను. అంతా పీకేద్దాం అన్నది వినడానికి మగతనంగా ఉంటుంది, ఫోటోల్లో కూడా పని జరిగినట్టు బాగా కనిపిస్తుంది. కానీ ఆ కాలపు కారవాన్‌లో బీరువా, సీటు పెట్టె, పైన అరలు, ఇవేవీ కేవలం సామాన్లు కావు. గోడను గోడకు, గోడను నేలకు పట్టి ఉంచే ఆసరాలు అవే. ఆ చట్రం పట్టీలు ఎంత సన్నమో చూశాక మీకే నమ్మకం కుదురుతుంది. నా మొదటి కారవాన్‌లో నేను శనివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి లోపలంతా ఊడ్చినట్టు ఖాళీ చేసి, ఎంత పని చేశానో అని మురిసిపోయి పడుకున్నాను. ఆదివారం లేచి చూస్తే తలుపు పడలేదు. పైమూల దగ్గర రెండు వేళ్లు దూరేంత సందు, కిందిమూల గడపకు రాసుకుంటోంది. రాత్రికి రాత్రి పెట్టె మొత్తం ఒక పక్కకు ఒరిగింది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి జాకీలు, అడ్డకర్రలు పెట్టి నాలుగు వారాంతాలు కుస్తీ పట్టాను. ఏదైనా విప్పేముందు ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా టేపుతో కొలిచి గోడమీదే పెన్సిల్‌తో రాసుకోవాలని, విప్పిన ప్రతి బీరువా స్థానంలో ఒక అడ్డకర్ర బిగించాలని అప్పుడు తెలిసింది.

అసలు సంగతి ఇంకోటుంది. ఈ బళ్లను కట్టిన వరస గుర్తుపెట్టుకోండి. ముందు నేల, తర్వాత లోపలి ప్లైవుడ్ గోడలు చట్రంతో సహా, తర్వాత బీరువాలూ సీట్లూ, అన్నిటికన్నా చివర బయటి రేకు. చాలావాటిలో బీరువాలను బిగించిన స్క్రూలు బయటి వైపు నుంచి, చట్రంలోంచి లోపలికి కొట్టి ఉంటాయి. వాటి మీద రేకు కప్పేశారు. లోపల నిలబడి ఆ బీరువాను ఊడదీయాలంటే విరగ్గొట్టడమే దారి, స్క్రూ తల మీకు కనపడదు. అదే బయటి రేకు విప్పితే చట్రం మొత్తం మీ ముందుంటుంది, లోపలి తేనెరంగు ప్లైవుడ్ కదలకుండా ఉంటుంది. లోపలిని కాపాడుకోవాలనుకునే మీలాంటివాళ్లకు ఇదే దారి. మీవారికి పీకే సరదా ఉంది కాబట్టి ఆ రేకు ఆయనకు అప్పగించండి, ఇద్దరి మాటా నెగ్గుతుంది.

బండి మొత్తం రేకు విప్పక్కర్లేదు. మీరు చెప్పిన ముందు మూల ఒక్కటి చాలు. మూల పట్టీ స్క్రూలు తీయండి. తుప్పు పట్టి తలలు తిరగకపోతే బలవంతం చేయకుండా ముందురోజు రాత్రి నూనె చుక్కలు వేసి వదిలేయండి. పట్టీ వచ్చాక ముందు రేకును ఇద్దరు పట్టుకుని, గాలిలేని రోజున దించాలి. అల్యూమినియం రేకు ఒకసారి మడత పడిందంటే ఆ గీత పోదు. దించాక కనిపించేదానికి మనసు సిద్ధం చేసుకోండి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఒక పట్టీ అనుకున్నది మూడవుతాయి. భయపడక్కర్లేదు, అవి మామూలు చెక్క పట్టీలే, వడ్రంగం రానివాళ్లు కూడా కోసుకోగలిగినవి. పుచ్చిన భాగాన్ని గట్టి చెక్క తగిలేదాకా, ఇంకో రెండు మూడు అంగుళాలు అదనంగా కోసేయండి. కొత్త ముక్కను అదే మందంలో తీసుకోండి. నేరుగా కోసి ఆనిస్తే ఆ అతుకు నిలవదు. ఏటవాలుగా కోయాలి, చెక్క మందం ఒక అంగుళమైతే ఆ వాలు ఎనిమిది అంగుళాల పొడవు ఉండాలి. పడవలు కట్టేవాళ్ల కొలత ఇది. అంత వాలు కోయడం చేతకాకపోతే రెండిటినీ సగం సగం మందం చెక్కి ఒకదాని మీద ఒకటి ఆనించి, నీటికి తట్టుకునే గమ్ము పెట్టి స్క్రూ బిగించండి. దేన్నయినా పారేసేముందు దాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకోండి. ముఖ్యంగా ముందుభాగంలో వంపు తిరిగిన ముక్కల్ని. పుచ్చి ముక్కలైపోయిన పాత చెక్కే మీ దగ్గరున్న ఒకే ఒక్క నమూనా.

రేకు మళ్లీ ఎక్కించేటప్పుడు పాత సీలెంట్ అంతా గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, ఎండిపోకుండా రబ్బరులా మెత్తగా ఉండే బ్యూటైల్ జిగురు టేపు పెట్టి పట్టీ బిగించండి. సిలికాన్ వద్దు. చవగ్గా దొరుకుతుంది, వాడటం సులువు, అందుకే అందరి చేతుల్లో అదే ఉంటుంది. కానీ సిలికాన్ పట్టిన చోట తర్వాత రంగూ పట్టదు, ఇంకో సీలెంటూ పట్టదు. పుల్లటి వాసన వచ్చే రకమైతే ఆరేటప్పుడు వదిలే ఆమ్లం లోహాన్ని తింటుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఇత్తడివి వాడితే చెమ్మలో వాటిని ఆనుకున్న అల్యూమినియం తినేసినట్టు పోతుంది, అక్కడ తెల్లపొడి రాలుతుంది.

గోడ తెరిచి ఉండగానే రెండు పనులు చేసుకోండి. మళ్లీ ఈ అవకాశం రాదు. తడిసి కిందికి జారిపోయిన గ్లాస్ ఊలు తీసేసి, నీళ్లు పీల్చని ఫోమ్ పలకలు కోసి సందుల్లో కూర్చండి. పాత వైర్లను చూడండి, రబ్బరు తొడుగున్న వాటిని వంచితే పెళుసుగా పగిలిపోతాయి, అలాంటివి ఉంచకండి. బ్యాటరీతో నడిచే 12 వోల్టుల లైన్లకు మందం తీగ కావాలి. 60 వాట్ల దీపం 230 వోల్టుల మీద పావు ఆంపియరుకు కాస్త ఎక్కువ తీసుకుంటే, 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంట్లో మిగిలిన సన్న తీగ వాడితే వేడెక్కుతుంది. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి. బయటి కరెంటు తగిలించే లైను, గ్యాస్ లైను మాత్రం అర్హత ఉన్నవాళ్ల చేతే చేయించండి. ఇందులో సరదా లేదు.

సుత్తి, శాండ్ పేపర్ పట్టుకునేముందు ఒక జాగ్రత్త. పొయ్యి వెనక, హీటరు చుట్టూ బూడిదరంగు గట్టి పలక ఉంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. నేలకు అంటించిన పాత పలకల్లోనూ ఉండొచ్చు. దాన్ని విరగ్గొట్టకండి, కన్నాలు పెట్టకండి, రుద్దకండి. పరీక్ష చేయించాకే ముట్టుకోండి. బీరువాల మీద పాత రంగు పూత ఉంటే అందులో సీసం ఉందో లేదో చూసే కిట్టు దొరుకుతుంది, పొడిగా రుద్దేముందు అది వాడండి. బూజు దులిపేటప్పుడు కూడా మాస్కు తప్పనిసరి.

ఇక మీరు అడక్కుండానే నేను చెప్పాలనుకుంటున్న మాట, ఆ తెల్ల రంగు గురించి. తేనెరంగు అన్నారు చూడండి, దాన్ని ఎవరూ కలిపి పూయలేదు. పూత పాతబడి, చెక్క ముదిరి ఆ రంగు తేలింది. దాని మీద తెల్ల రంగు వేయడం ఒక పూట పని, తీయడం ఈ జన్మలో పని కాదు. ప్లైవుడ్ పైపొర మందం మిల్లీమీటరు కూడా ఉండదు. రంగు గీకబోతే పొర కూడా పోతుంది. కాబట్టి ముందు ఆ పూత ఏమిటో కనుక్కోండి. బీరువా తలుపు లోపలివైపు, ఎవరికీ కనపడనిచోట, దూదికి డీనేచర్డ్ స్పిరిట్ (పాలిష్ పనివాళ్లు వాడే స్పిరిట్) తడిపి అర నిమిషం ఆనించండి. వేలితో తాకితే జిగటగా సాగి, దూదికి తేనెరంగు అంటితే అది లక్క పూత, వడ్రంగులు ఫ్రెంచ్ పాలిష్ అనేది. స్పిరిట్‌కు లొంగక థిన్నర్‌కు మెత్తబడితే లాకర్ అనే మెరుపు పూత. రెండిటికీ చలించకపోతే నూనె వార్నిషో పాలీయురెథేనో.

లక్క అయితే మీ పంట పండినట్టే. లక్క పురుగు స్రవించే బంక అది, స్పిరిట్‌లో కరుగుతుంది. కొత్త పూత వేస్తే పాత పూతను కాస్త కరిగించుకుని అందులో కలిసిపోతుంది, గీకాల్సిన పని లేదు. మెత్తటి గుడ్డలో దూది చుట్టి, కొద్దిగా ముంచి, ఒకే దిశలో పల్చగా లాగుతూ పొండి. వెనక్కి తిరిగి అదే చోట రుద్దకండి, అంటుకుని చీలికలు పడుతుంది. తెల్లగా పొగచూరినట్టున్న మచ్చలు చెమ్మ వల్ల వచ్చినవి, స్పిరిట్ తడిపిన గుడ్డతో తేలిగ్గా తుడిస్తే చాలావరకు పోతాయి. నల్లవి అలా పోవు. ఇనుప మేకు తుప్పు, చెక్కలోని వగరు పదార్థం నీళ్లతో కలిసి చేసిన సిరా అది, నిజంగా పాతకాలం సిరా చేసిన పద్ధతే. దానికి తుప్పు మరకలు తీసే ఆక్సాలిక్ ఆసిడ్ పొడి వాడాలి. ఆ భాగంలో పూత తీసేసి, ప్లాస్టిక్ గిన్నెలో వేడినీళ్లలో కలిపి, స్పాంజితో తడి తగిలేంతే పూయండి. పాత ప్లైవుడ్ గమ్ము నీళ్లకు ఊడుతుంది కాబట్టి నానబెట్టొద్దు. నల్లదనం మీ కళ్లముందే గోధుమరంగుకు, ఆపైన చెక్క రంగుకు దిగుతుంది. రెండుమూడుసార్లు మంచినీళ్లతో తుడిచి, బాగా ఆరాకే పూత వేయండి. చేతులకు తొడుగు, కళ్లద్దాలు ఉండాలి. అది విషం, పిల్లలు తిరిగేచోట వదలొద్దు. రుద్దాల్సి వస్తే చేత్తో, సన్నటి శాండ్ పేపర్‌తో. మిషను జోలికి వెళ్లకండి, రెండు సెకన్లలో పైపొర దాటి కింది అడ్డపొర బయటపడుతుంది.

పొరలు లేచిన ఆ మూల ప్లైవుడ్ మాత్రం మార్చక తప్పదు. కొత్త ముక్క ఎంత పూత వేసినా పక్కదానికి సరిపోలదు, పుట్టుమచ్చలా కనిపిస్తుంది. దీనికి ఒక చిట్కా ఉంది. బీరువా లోపల, సీటు పెట్టె వెనక ఎవరూ చూడని పాత ప్లైవుడ్ ఉంటుంది. అదే వయసు, అదే చెట్టు. దాన్ని జాగ్రత్తగా తీసి ముందు మూలకు వాడండి, కొత్త చెక్కను ఆ చాటుకు పంపండి. కొనేసిన తెల్ల రంగు అంటారా, కప్పుకు వేసుకోండి. లోపల వెలుతురు పెరుగుతుంది, నాకేం అభ్యంతరం లేదు.

కొత్తగా ఏం చేయించినా బరువు చూసుకోండి. ఇంటి వడ్రంగి వచ్చి ఇంట్లో చేసినట్టే చేస్తానంటాడు. 8 అడుగులు 4 అడుగుల 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును గమ్ముతో నొక్కి చేసే పలక) షీటు ఒక్కటే 40 కిలోల దాకా తూగుతుంది. 12 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్ 24 కిలోలు, అదే మందంలో పాప్లర్ ప్లైవుడ్ అయితే 16. నాలుగు షీట్లు వాడేసరికి ఒక మనిషి బరువు తేడా. విహారానికని ప్రత్యేకంగా చేయించిన మొదటి కారవాన్‌గా చెప్పుకునే 'వాండరర్' 1885 నాటిది. గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు బ్రిటన్‌లో చేయించుకున్నాడు. సుమారు రెండు టన్నుల ఆ బండికి రెండు గుర్రాలు కట్టేవారు. మీకు గుర్రాలు లేవు, కారుకు ఎంత లాగే శక్తి ఉందో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. పని మొదలుపెట్టకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి వేబ్రిడ్జి మీద తూయించండి. బరువైనవి నేలకు దగ్గరగా, ఇరుసు మీదుగా ఉండాలి. బ్యాటరీ, నీళ్ల ట్యాంకు వెనక చివర పెడితే వేగంలో బండి తోక ఊపడం మొదలవుతుంది.

స్పాంజి పొడిగా రాలుతోందంటే దాని ఆయుష్షు అయిపోయింది, దానికి చికిత్స లేదు. పాత ఫోమ్ నిప్పంటుకుంటే విషవాయువులు వదులుతుంది కాబట్టి ఎలాగూ ఉంచకూడదు. కొత్తది ఘనమీటరుకు 35 నుంచి 40 కిలోల సాంద్రతలో, మంటను తట్టుకునే రకం అడిగి తీసుకోండి. పాత కవర్లు మాత్రం చిరిగినా పారేయకండి. కుట్లు విప్పి ఇస్త్రీ చేస్తే అవే మీ కత్తిరింపు నమూనాలు. గోడ వంపుకు తగ్గట్టు సీటు వెనక అంచు ఏటవాలుగా ఉంటుంది, కొత్తగా కొలిస్తే అది తప్పుతారు. కవరు కన్నా ఫోమ్ అన్నివైపులా ఒక సెంటీమీటరు పెద్దదిగా కోయిస్తే గుడ్డ బిగువుగా నిలుస్తుంది. జిప్పు వెనకవైపు పెట్టించండి, ఉతకడానికి తీయాలి కదా. సీట్ల అడుగు చెక్కకు కన్నాలుంటే అవి అలంకారానికి కాదు, కిందనుంచి గాలి ఆడటానికి. మూయకండి.

అలాంటివే నేలలో కూడా కన్నాలుంటాయి, జాలీ బిగించి. చల్లగాలి వస్తోందని, పురుగులు వస్తాయని వాటి మీద కొత్త నేల పరిచేసినవాళ్లను చూశాను. సిలిండరు గ్యాస్ గాలికన్నా బరువు, ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైతే నేలమీద పరుచుకుంటుంది. అది బయటికి పోవడానికి ఉన్న దారి ఆ కన్నాలే. గ్యాస్ సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కోసం వేరే అలారం ఒకటి పెట్టించండి.

దాంతో మీ చివరి ప్రశ్న దగ్గరికి వచ్చాం. గ్యాస్ దీపాలు వెలిగించకండి. మంట మీద మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైగా దానికి లక్క. మూసిన గదిలో అవి గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి, ఆవిరిని కూడా వదులుతాయి. ఇంత కష్టపడి ఆరబెట్టిన గోడల మీద రాత్రంతా చెమ్మ చేరుతుంది. లైను విడదీయించి మూత వేయించండి. దీపాల్ని మాత్రం ఊడదీయొద్దు, ఆ బండికి అవే కళ. గాజు బుడ్డి విప్పేటప్పుడు లోపల తెల్లగా వలలా వేలాడుతున్న మ్యాంటిల్ కనిపిస్తుంది, ముట్టుకుంటే పొడైపోతుంది. పాతవాటిలో ఎక్కువగా థోరియం ఉండేది, అది కొద్దిగా రేడియోధార్మికం. ఊదకుండా, తడిగుడ్డతో ఒత్తి తీసి, సంచిలో మూటగట్టి పారేసే పద్ధతి ప్రకారం అప్పగించండి. చేతులు కడుక్కోండి. తర్వాత గాజు బుడ్డిని సబ్బునీళ్లతో తోమి, లోపల పసుపు వెలుగిచ్చే చిన్న 12 వోల్టుల ఎల్ఈడీ పెట్టి, వైరును పాత ఇత్తడి గొట్టంలోంచే లాగించండి. గొట్టం మొదట్లో పదునుగా ఉండే అంచుకు గ్రోమెట్ అనే రబ్బరు రింగు తొడగడం మర్చిపోకండి, లేకపోతే బండి ఊగినప్పుడల్లా వైరు తొడుగు కోసుకుపోతుంది.